పిసలిశ్మి: ఒత్తేది ‘స’నా, ‘లి’నా?

ప్రశ్న: పోలిష్‌లో చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనిక ఉంటుందని నేర్చుకున్నాను. ‘పిసలిశ్మి’ (మేము రాశాము) అన్న మాటలో ఆ లెక్కన ‘లి’ని ఒత్తితే, మా టీచరు గారు ఆపి ‘స’ను ఒత్తమన్నారు. ఎందుకండీ?

జవాబు: సూత్రం సరైనదే. లెక్క మొదలుపెట్టిన చోటే తేడా. మాటను ‘పిసలి + శ్మి’ అని విడదీయండి. ‘పిసలి’ అంటే ‘వాళ్ళు రాశారు’. అందులో చివరి నుంచి రెండోది ‘స’. ‘శ్మి’ ఒకప్పుడు ‘ఉన్నాము’ అనే విడి క్రియ. అరిగి అరిగి తోకలా మిగిలింది. క్రియకు అతుక్కుంది కానీ ఊనికను మాత్రం కదపలేదు.

దీనికి సాక్ష్యం ఇప్పటికీ వాడుకలో ఉంది. ‘మిశ్మి పిసలి’ అన్నా అర్థం అదే. ‘శ్మి’ క్రియను వదిలి ‘మి’ (మేము) పక్కకు వెళ్ళిపోయింది! మన ‘రాశాము’లోని ‘ము’ను అలా ఊడదీసి ఇంకో మాటకు తగిలించగలమా? నాకు ఈ భాష మీద ఇష్టం పెరిగింది ఈ ఒక్క వాక్యంతోనే.

‘పిసలిబిశ్మి’ (వీలుంటే రాసేవాళ్ళం) చూడండి. ‘బి’ కూడా తోకే. ఊనిక ‘స’ మీదే నిలిచింది, అంటే చివరి నుంచి నాలుగో అక్షరం మీద. అలాగే ‘పిసవ్’ (అతను రాశాడు), ‘పిసవ్‌బిమ్’ (నేను రాసేవాణ్ణి) రెండింటిలోనూ ‘పి’నే ఒత్తాలి.

మన నాలుక ‘లి’ దగ్గర ఆగడానికి ఇంకో కారణం కూడా ఉందనుకుంటాను. మన ఛందస్సు లెక్కలో ‘పి’, ‘స’ లఘువులు. సంయుక్తాక్షరం ముందున్న ‘లి’ గురువు. చిన్నప్పటి నుంచి అలవాటైన బరువు అది. పోలిష్‌లో ఊనికకు ఆ బరువుతో పనిలేదు.

ప్రశ్న: మరి ‘పిసవెమ్’ (నేను రాశాను)లో ‘స’ను ఒత్తుతున్నారు. ‘పిసవ్’కు తోక తగిలిందే కదా, ‘పి’ మీద ఉండాలి కదా? ఇంకొకటి, పంక్తి చివర ‘పిసలిశ్మి’ని ఎక్కడ విరవాలి?

జవాబు: చక్కగా పట్టుకున్నారు. ఏకవచనంలో ‘ఎమ్’ తోకగా మిగలకుండా మాటలో కలిసిపోయింది, అందుకే మామూలు సూత్రమే పనిచేస్తుంది. బహువచనంలోనూ ఆ కలయిక జరుగుతూనే ఉంది. మాటల్లో చాలామంది పోలిష్ వాళ్ళే ‘లి’ని ఒత్తడం మీరు వింటారు. తరగతిలో, వేదిక మీద మాత్రం ‘స’నే ఒత్తండి. ఇక విరవడమంటారా, ‘పి-స-లి-శ్మి’, ‘పి-స-లిశ్-మి’ రెండూ ఒప్పే.