పెండ్లి క్యాసెట్లు డీవీడీలోకి: మైనస్ ఆరా, ప్లస్ ఆరా, అసలు డిస్కే వద్దా?

నల్లగొండ తమ్ముడు:
అమ్మానాయనల పెండ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్, అక్క పెండ్లివి మూడు మినీ డీవీ టేపులు ఎట్లనో కంప్యూటర్‌లోకి ఎక్కించాను. చుట్టాలకు డీవీడీలు పంచాలి, ఇంట్లో ఒక సెట్ దాచాలి. లాప్‌టాప్‌లో డ్రైవ్ లేదు, యూఎస్‌బీ రైటర్ కొనాలి. క్లాక్ టవర్ దగ్గర దుకాణాయన ఖాళీ డీవీడీల్లో రెండు రకాలు, మైనస్ ఆర్ (DVD-R), ప్లస్ ఆర్ (DVD+R), ముందు పెట్టి ఏదైనా ఒకటే అన్నాడు. నిజమేనా?

పాలమూరు అన్న:
రైటర్‌కు ఒకటే తమ్మీ, ఇప్పుడు దొరికేవన్నీ రెండూ రాస్తాయి. తేడా వచ్చేది మీ అమ్మమ్మ ఇంట్లో ఉన్న పాత ప్లేయర్ దగ్గర. మైనస్ ఆర్ 1997లోనే వచ్చింది, ప్లస్ ఆర్ 2002లో, అందుకే పాత ప్లేయర్లు మైనస్‌నే ఎక్కువగా పడతాయి. పంచడానికి మైనస్ ఆర్ తీసుకో, చెరిపి మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ జోలికి పోకు. రాసినాక ఫైనలైజ్ చేయడం, అంటే రాత ముగిసిందని డిస్క్‌ను మూసేయడం, మర్చిపోతే ప్లేయర్ అసలు గుర్తే పట్టదు. సన్న రైటర్‌ను యూఎస్‌బీ హబ్‌కు (ఒక పోర్టును నాలుగు చేసే డబ్బాకు) పెట్టకు, నేరుగా లాప్‌టాప్‌కే పెట్టు, కరెంటు చాలకపోతే సగంలో ఆగి డిస్క్ దండగ.

మిర్యాలగూడ నుంచి:
ఇంకా డీవీడీలు ఏందన్నా? సోనీ కంపెనీ రాసుకునే బ్లూరే డిస్కుల తయారీనే 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. తలా ఒక పెన్‌డ్రైవ్ ఇస్తే టీవీకి పెట్టుకుని చూస్తారు. పైగా మినీ డీవీ గంట టేపు దాదాపు 13 జీబీ, డీవీడీ పట్టేది 4.7, అదీ కంప్యూటర్‌లో 4.37 అనే చూపిస్తుంది. డీవీడీ వీడియోకు వాడే ఎంపెగ్-2 పద్ధతిలోకి కుదిస్తే బొమ్మ పోయినట్టే కదా.

పాలమూరు అన్న:
కుదింపు మాట నిజం, నేను కాదనను. అందుకే అసలు ఫైళ్లు రెండు హార్డ్‌డిస్కుల్లో ఉండాలి, డీవీడీ చుట్టాల కాపీ మాత్రమే. కానీ పెన్‌డ్రైవ్ చేతికిస్తే నెల తిరగకముందే పిల్లలు పెండ్లి తీసేసి పాటలు ఎక్కిస్తారు, మా ఇంట్లో అదే జరిగింది. ఆర్ డిస్క్‌లో ఒకసారి రాసింది ఎవరూ చెరపలేరు.

ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకో తమ్మీ. డిస్క్ లోపలి నుంచి అంచు వైపు రాసుకుంటూ పోతుంది. నిండా నింపితే పెండ్లిలో చివరిది, అంటే అప్పగింతలు, సరిగ్గా అంచుకు వస్తుంది. వేళ్లు పడేది అక్కడే, డిస్క్‌లో అంటించిన రెండు పొరల అతుకు విడిచి తేమ పట్టేదీ ముందు అక్కడే. మా చిన్నమ్మ పెండ్లి డిస్క్ నాలుగు ఎండాకాలాలు కిటికీ పక్కన టీవీ మీదే ఉంది. జీలకర్రబెల్లం, తలంబ్రాలు అన్నీ చక్కగా వస్తాయి, తాతయ్య ఆమె చెయ్యి పట్టుకుని అప్పగించే దగ్గర బొమ్మ గడులు గడులుగా విరిగి ఆగిపోతుంది. తాతయ్య ఇప్పుడు లేడు, ఆ టేపు కూడా లేదు. అప్పటి నుంచి నేను డిస్క్‌లో 4 జీబీ దాటనివ్వను. గంటన్నర వీడియో పెడతాను, 16 ఎక్స్ వేగం డిస్క్ అయినా 8 ఎక్స్ వేగంలోనే రాస్తాను, వెరిఫై చేయనిదే, అంటే రాసింది సరిగ్గా ఉందో లేదో కంప్యూటర్‌తో చూడనిదే, డబ్బాలో పెట్టను. మన దగ్గర మే నెల ఎండ తెలుసు కదా, డిస్క్‌లో రాత పడే రంగు పొర దానికి తట్టుకోదు. బీరువాలో, చీకట్లో నిలబెట్టి ఉంచాలి.

మిర్యాలగూడ నుంచి:
అంచు సంగతి నాకు తెలియదన్నా. అయినా ఇంట్లో దాచే సెట్‌కు నేను డీవీడీని నమ్మను, హార్డ్‌డిస్కే. పంచడానికంటే సరే, మైనస్ ఆర్‌కు ఒప్పుకుంటా.

నల్లగొండ తమ్ముడు:
అక్క పెండ్లి రెండు డిస్కులు చేస్తా, అప్పగింతలు రెండో డిస్క్ మొదట్లో వచ్చేటట్టు కోస్తా. టేపులు పారేద్దామనుకున్నా, అవి కూడా బీరువాలోకే పోతున్నాయి.