హెయిలీ-హెయిలీ జబ్బు పేరులో 'బినైన్' ఇంకా అవసరమా?

రేగుపువ్వు:
నా బయాప్సీ రిపోర్టు చివరి లైను "ఫెమిలియల్ బినైన్ క్రానిక్ పెంఫిగస్". హెయిలీ-హెయిలీకే అది ఇంకో పేరు. కుటుంబంలో వచ్చే, ప్రాణహాని లేని ('బినైన్'), ఏళ్లతరబడి వదలని పొక్కుల జబ్బని అర్థమట. ఆ 'బినైన్' తీసేయాలంటాను. ఎండాకాలం చంకల్లో, గజ్జల్లో పొక్కులు చిట్లి పచ్చిపుండవుతాయి. చంకలో పాత నూలుగుడ్డ మడిచి పెట్టుకుని ఆఫీసుకు వెళ్తాను. సాయంత్రానికి రసి ఎండి గుడ్డ చర్మానికి అతుక్కుంటుంది. నీళ్లతో నానబెట్టి కొంచెం కొంచెంగా ఊడదీసుకోవాలి. లీవు అడిగితే మేనేజరు రిపోర్టు చూసి, "బినైనే కదమ్మా" అన్నారు.

చర్మవైద్యుడు:
మీ బాధ కాదననమ్మా. కానీ ఆ మాట 1939 నాటిది. అమెరికాలోని జార్జియాలో హ్యూ హెయిలీ, హోవర్డ్ హెయిలీ అనే అన్నదమ్ములు ఈ జబ్బును వర్ణించారు. అప్పటికి స్టెరాయిడ్ మందులు లేవు, అసలైన పెంఫిగస్ అనే వేరే పొక్కుల జబ్బు వస్తే చాలామంది దక్కేవారు కాదు. ఇది అలా ప్రాణం తీయదని చెప్పడానికే 'బినైన్' అన్నారు. ఇవాళ్టికీ పెంఫిగస్ అని నెట్‌లో చదివి హడలిపోయి వచ్చేవాళ్లకు ఆ మాటే ధైర్యం.

రేగుపువ్వు:
అయితే పెంఫిగస్ అన్న మాటే తీసేయండి సర్. అందులో ఒంట్లోని యాంటీబాడీలే చర్మకణాల అతుకుల్ని దెబ్బతీస్తాయి. నాకు ఆ టెస్టు నెగటివ్. ఇది ఏటీపీ2సీ1 జన్యువులో లోపమని 2000లోనే తేలింది కదా. కణంలో కాల్షియం పంపు సరిగ్గా పనిచేయక అతుకులు ఊడుతున్నాయి.

గోదారిగట్టు:
పేరు సంగతి తర్వాత అక్కా, ముందు గుర్తుపట్టేదెవరు? మా నాన్నకు తొమ్మిదేళ్లు తామర మందులే రాశారు. చెమట పడితే, బట్ట రాసుకుంటే తిరగబెట్టేది. అంటుకుంటుందని ఇంట్లో ఆయన తువ్వాలు వేరుగా ఆరేసేవాళ్లం. అంటుజబ్బే కాదని తెలిశాక అమ్మ ఏడ్చింది. చివరికి ఒక డాక్టరుగారు గోళ్ల మీద నిలువు తెల్లగీతలు చూసి, పుండు దగ్గర చర్మం చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. మైక్రోస్కోపులో కూలుతున్న ఇటుకగోడలా కనిపించిందట. ఇప్పుడు నాకూ సగానికి సగం అవకాశం ఉంది. ఆ టెన్షన్‌కు ఏ పేరైనా ఒకటే.

చర్మవైద్యుడు:
తమ్ముడు చెప్పింది నిజం. మడతల్లో మళ్లీమళ్లీ వచ్చే పుండు తామర మందుకు లొంగకపోతే బయాప్సీ చేయించాల్సిందే. పేరు విషయంలో, రిపోర్టులో ఇకమీదట 'హెయిలీ-హెయిలీ' అనే రాస్తాను. 'బినైన్' మాత్రం వదలను, ఎదురుగా కూర్చున్న పేషెంటుకు నోటితో చెబుతాను.

రేగుపువ్వు:
నోటితో చెప్పండి సర్, అది నాకూ ధైర్యమే. మేనేజరు దగ్గరికి వెళ్లేది కాగితం.