రిటైరయ్యాక ఒక్కడినే తిరగడానికి క్యాంపర్ వ్యాన్: ఏ బండి, ఎంత సైజు?

మన్యంకొండ దారి (మహబూబ్‌నగర్):

అందరికీ నమస్తే. వచ్చే మార్చిలో 61 నిండి రిటైర్ అవుతున్న. తర్వాత ఏడాదికి ఎనిమిది నెలలు రోడ్డు మీదనే ఉండాలని ఉంది. మనిషిని ఒక్కడినే, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. షుగర్ ఉంది, ఇన్సులిన్ వాడుత. బండికీ బాడీకీ కలిపి 30 లక్షల లోపు పెట్టగలను. చూస్తున్నవి: ఫోర్స్ అర్బేనియా, ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్, లేదా పికప్ మీద డబ్బా కట్టించడం. మన ఎండలకు ఏసీ లేకుండా కుదరదేమో అని భయం. టాయిలెట్ లోపలే కావాలె. ఏది తీసుకోవాలె, కట్టించేటప్పుడు ఎక్కడ మోసపోతం?

జడ్చర్ల షెడ్డు:

సార్, ముందు పికప్ మీద డబ్బాను లిస్టులోంచి తీసేయండి. క్యాబిన్‌లోంచి డబ్బాలోకి దారి ఉండదు. ఒక్కరే తిరిగేవారికి అన్నిటికన్న ముఖ్యం ఇదే: రాత్రి రెండింటికి ఎవరో తలుపు బాదినా, వాన పడి కిందికి నీళ్లు చేరినా, బండి దిగకుండా మంచం మీదికెళ్లి లేచి స్టీరింగ్ ముందు కూర్చుని కదిలిపోవాలె. కొందరు బొలెరో క్యాంపర్ అడుగుతుంటరు, అది పేరుకే క్యాంపర్. డబుల్ క్యాబిన్ పికప్ అది, పడక ఉండదు.

ఇక సైజు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటరు. అర్బేనియా 3350, 3615, 4400 మి.మీ. వీల్‌బేస్‌లలో వస్తది. ట్రావెలర్‌లో 3050, 3350, 4020 దొరుకుతయి. ఒక్క మనిషికి 3350 నుంచి 3615 చాలు. 4400 షోరూమ్‌లో చూస్తే ఇల్లులాగ ముచ్చటగ ఉంటది గానీ, గుడి సందులో రివర్స్ తీయాలంటే వెనక నిలబడి "రానీ, రానీ" అనే మనిషి కావాలె. మీకు ఆ మనిషి లేడు. ఇంజన్ గురించి తల పట్టుకోకండి, ఫోర్స్ బండ్లు రెండిట్లోనూ 2.6 లీటర్ల 115 హార్స్‌పవర్ డీజిలే. తేడా కూర్చునే సుఖంలో, బాడీలో. అర్బేనియా మోనోకాక్, అంటే బాడీయే చాసిస్. కిటికీకో ఫ్యానుకో రేకు కోసేటప్పుడు పైకప్పు అడ్డపట్టీల మధ్యనే కోయాలె. పట్టీ తెగితే గుంతల రోడ్డు మీద ఆ మూల నుంచే చీలిక మొదలైతది, వాన నీళ్లూ అక్కడికెళ్లే కారుతయి.

లోపల ఎత్తు బ్రోచర్‌లో చూడొద్దు, చెప్పులు వేసుకుని నిలబడి చూడండి. కింద ప్లైవుడ్డు, పైన ఫోము, ప్యానెల్ కలిపి రెండంగుళాలు పోతయి. మీ తల మీద మూడు నాలుగు అంగుళాలు ఖాళీ లేకుంటే ఎనిమిది నెలలు మెడ వంచే బతకాలె. మంచం నిలువుగానే వేయించండి. గోడలకు ఫోమ్ కొట్టినంక అడ్డం వెడల్పు మీ ఎత్తుకు సరిపోదు.

బరువు దగ్గర అందరూ తప్పు చేస్తరు. 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ 8×4 షీటు ఒకటి దాదాపు 35 కిలోలు. ఇంట్లో అల్మారాలు చేసే వడ్రంగికి అప్పజెప్తే పది షీట్లు వాడతడు, చెక్కే 350 కిలోలు. దాని మీద నీళ్లు 100, బ్యాటరీ, ప్యానెళ్లు, ఫ్రిజ్, మీ సామాను. అల్యూమినియం సెక్షన్ ఫ్రేము చేసి 6 మి.మీ. ప్లై వేస్తే ఆ బరువు సగం కన్న తగ్గుతది. ట్యాంకూ బ్యాటరీలూ రెండు ఇరుసుల మధ్యన, కిందికి ఉండాలె. ఒకే పక్కకు పెడితే మలుపులల్ల బండి ఒరుగుతది, ఆ పక్క టైర్లు ముందు అరుగుతయి. పని అయినంక ట్యాంకు నింపి, డీజిల్ ఫుల్ చేసి, మీరు కూర్చుని ధర్మకాంట మీద తూకం వేయించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు వేరువేరుగా. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువుకు కనీసం 200 కిలోలు తక్కువ రావాలె.

కాగితాలు బాడీ కన్న ముందు. సీట్లు పీకి మంచం వేసి తిరుగుదమంటే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్నదానికీ బండికీ తేడా రాకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగ చెప్పింది. మోటార్ క్యారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని కింద అనుమతి తెచ్చుకున్న బాడీ బిల్డరు దగ్గరే కట్టించండి. ఆ సర్టిఫికెట్ ఏ బండి, ఏ వీల్‌బేస్ మీద ఉందో చదివినంకనే అడ్వాన్స్ ఇయ్యండి, వేరే మోడల్ మీద ఉన్న కాగితం మీకు పనికిరాదు. ఆర్‌సీలో వాహన తరగతి క్యారవాన్ అని మారాలె, ఇన్సూరెన్స్‌లో లోపలి ఫిట్టింగుల విలువ ఎక్కాలె. ఇవి లేకుంటే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ తిరగ్గొడతరు.

సోలార్ పని, మిర్యాలగూడ:

ఏసీ భయం గురించి నేను చెప్తా సార్. కరెంటు లెక్క యూనిట్లలో వేసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది.

45 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఎండాకాలం రోజుకు అర యూనిట్ పైన తింటుంది. 30 వాట్ల ఫ్యాను పది గంటలకు 0.3. లైట్లు, ఫోను, పంపు కలిపి 0.2. పొద్దున ఇండక్షన్ మీద అరగంట వంట 0.5. మొత్తం ఒకటిన్నర యూనిట్. పైకప్పు మీద 400 వాట్ల ప్యానెళ్లు పడుకోబెట్టి బిగిస్తే మార్చి, ఏప్రిల్‌లో రోజుకు ఒకటిన్నర నుంచి 1.8 యూనిట్లు వస్తాయి. ముసురు పట్టిన శ్రావణంలో అందులో సగం కూడా రాదు. అందుకే బండి నడుస్తుండగా ఇంజన్ వైపు నుంచి రెండో బ్యాటరీని నింపే 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ తప్పదు, గంట డ్రైవింగ్‌కు 0.35 యూనిట్ పైనే ఎక్కిస్తుంది. బీఎస్6 (ఏప్రిల్ 2020 నుంచి వచ్చిన కాలుష్య ప్రమాణం) బండ్లలో ఆల్టర్నేటర్, అంటే ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది, దాని వోల్టేజిని కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. ఊరికే రిలే పెట్టి కలిపితే రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 12 వోల్టులు 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), అంటే రెండున్నర యూనిట్లు. ఇప్పుడు ఏసీ చూడండి. ముప్పావు టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి ఎనిమిది గంటలకు 4 యూనిట్ల దాకా లాగుతుంది. బ్యాటరీ మీద నడవాలంటే 400 ఏహెచ్ కావాలి, దాన్ని మర్నాటికి నింపడానికి ప్యానెళ్లు పట్టే చోటు మీ పైకప్పు మీద లేదు. కాబట్టి ఏసీ పెట్టండి, కానీ బయటి కరెంటు దొరికిన రాత్రులకే అనుకోండి. మిగతా రోజులకు డబ్బు ఇన్సులేషన్ మీద పెట్టండి. ఎండలో రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. లోపలివైపు 25 మి.మీ. క్లోజ్డ్ సెల్ ఫోమ్ ఖాళీ లేకుండా అతికించాలి. గ్లాస్ ఊల్ వద్దు, కుదుపులకు కిందికి జారి గోడ పైభాగం బోసిపోతుంది, తేమ పట్టి రేకుకు తుప్పు తెస్తుంది. బండి రంగు తెలుపు. పైకప్పుకు 14 అంగుళాల గాలి లాగే ఫ్యాను, దానికి ఎదురు మూల కిందివైపు తెరిచే కిటికీ. మే నెలలో పాలమూరులో ఉండకండి, అప్పుడే కొండల మీదికి వెళ్లండి.

ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకోవద్దు. పొగ లోపలికి వస్తే ప్రాణం మీదికొస్తుంది. పైగా బీఎస్6 డీజిల్‌లో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, గంటలు గంటలు ఐడ్లింగ్‌లో మసి పేరుకుని మూసుకుపోతుంది. హైవే మీద అరగంట పైన ఒకే వేగంతో నడిస్తేనే ఆ మసి కాలుతుంది. మసి కాల్చే దీపం వెలిగినప్పుడు బండి ఆపకండి.

తీగల సంగతి. 1000 వాట్ల ఇన్వర్టర్ 12 వోల్టుల వైపు 90 ఆంపియర్ల పైన లాగుతుంది. 35 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, పొడవు మీటరు లోపల, బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోనే 125 ఆంపియర్ల ఫ్యూజు. తీగ చివరి లగ్గులు (బోల్టుకు బిగించే లోహపు ముక్కలు) హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి. సుత్తితో కొట్టిన లగ్గు ఆర్నెల్లకు వదులై వేడెక్కి తీగ పైతొడుగు కరుగుతుంది. ఏ ఇంటి నుంచో, హోటల్ నుంచో కరెంటు తీసుకునేటప్పుడు 15 ఆంపియర్ల సాకెట్, 2.5 స్క్వేర్ ఎంఎం మూడు కోర్ల కేబుల్. చుట్ట మొత్తం విప్పి పరవండి, చుట్టలో ఉండగా ఏసీ నడిపితే కేబుల్ కాగిపోతుంది. టెస్ట్ ల్యాంపుతో ఫేజుకూ ఎర్తుకూ మధ్య వెలుగుతుందో లేదో చూశాకే గుచ్చండి. ఎర్తు లేని సాకెట్లు ఊళ్లల్లో బోలెడు. బండిలో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు ఉండి తీరాలి.

లడఖ్, స్పితి వెళ్లే ఆలోచన ఉంటే ఇంకొకటి. సున్నా డిగ్రీల కింద ఈ లిథియం బ్యాటరీని చార్జ్ చేస్తే సెల్స్ శాశ్వతంగా పాడవుతాయి. చలికి చార్జింగ్ ఆపేసే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉన్నదే కొనండి.

నకిరేకల్ నీళ్లు:

నీళ్లు, టాయిలెట్ గురించి ఎవరూ రాయలేదు. ఒక్క మనిషికి పొదుపుగా రోజుకు 12–15 లీటర్లు. 80 లీటర్ల ఫుడ్ గ్రేడ్ ట్యాంకు ఐదారు రోజులు వస్తది. లోపల అడ్డుపలకలు ఉండాలె, లేకుంటే బ్రేకు కొట్టినప్పుడు నీళ్లన్నీ ముందుకు తన్నుతయి. రెండు మూడు నెలలకోసారి 100 లీటర్ల నీళ్లకు 5 శాతం హైపోక్లోరైట్ 100 మి.లీ. కలిపి, కుళాయిలన్నీ తిప్పి పైపుల్లోకి రానిచ్చి, నాలుగు గంటలు ఉంచి పారబోయండి. తర్వాత వాసన పోయేదాకా కడగండి.

మన నల్గొండ జిల్లా బోర్ల సంగతి తెలిసిందే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. కాచితే అది పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతది. క్యాండిల్ ఫిల్టరూ పనిచేయదు. పటిక, సున్నంతో తీసే నల్గొండ పద్ధతి ఊరి ట్యాంకులకు బాగుంటది గానీ, బండిలో ఆ మడ్డి ఎక్కడ పోస్తరు? బోరు నీళ్లు స్నానానికి, గిన్నెలకు. తాగే నీళ్లకు వేరేగా 20 లీటర్ల క్యాన్, అందులో ఆర్వో నీళ్లే.

టాయిలెట్ క్యాసెట్‌ది, అంటే కింది డబ్బా బయటికి తీసి పారబోసేది తీసుకోండి. 17–20 లీటర్ల డబ్బా మూడు నాలుగు రోజులకు నిండుతది, అంతకన్న పెద్దదైతే 61 ఏళ్ల నడుముతో దింపి మోయడం కష్టం. మన దగ్గర దాన్ని పారబోసే ప్రత్యేక చోట్లు దాదాపు లేవు. అడిగి, హోటల్ మరుగుదొడ్డిలోనో సెప్టిక్ ట్యాంకులోనో పోయాలె. అందుకే ఫార్మాల్డిహైడ్ ఉన్న మందు వాడకండి, సెప్టిక్‌లో కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపుతది. ఇండ్లవాళ్లు మళ్లీ రానియ్యరు.

గ్యాస్ పెట్టుకుంటే 5 కిలోల సిలిండర్, నిలువుగా, లోపలికి గాలి పోని అరలో, ఆ అర అడుగున బయటికి రంధ్రం. గ్యాసు గాలి కన్న బరువు, కిందికే దిగుతది.

మన్యంకొండ దారి:

అందరికీ చాలా థ్యాంక్స్. ఒక అనుమానం. 2018 మోడల్ ట్రావెలర్, ఎల్లో ప్లేట్, 13 సీట్లది చవకగ వస్తున్నది. తీసుకోవచ్చా? ఇంకొకటి, ఫాస్టాగ్ వార్షిక పాస్ దీనికి పడతదా? నాది కారు లైసెన్సే, అది నడుస్తదా?

జడ్చర్ల షెడ్డు:

వద్దు సార్. 2018 అంటే బీఎస్4. చలికాలం ఢిల్లీ గాలి చెడినప్పుడల్ల బీఎస్4 డీజిల్‌ను ఆపుతరు. ఎనిమిది నెలలు తిరిగేవారు ఉత్తరాదికి దారి మూసుకోవడమే. ఎల్లో ప్లేటును సొంత బండిగా మార్చాలంటే పర్మిట్ సరెండర్, ట్యాక్స్ తేడా, ఫైనాన్స్ ఎన్‌వోసీ, ఇన్ని ఉంటయి. సెకండ్ హ్యాండే కావాలంటే ఏప్రిల్ 2020 తర్వాతి బీఎస్6 చూడండి. టైరు పక్కన నాలుగంకెలు చదవండి: 2322 అంటే 2022లో 23వ వారం తయారైంది. పైన గాట్లు ఎంత మిగిలినా ఆరేండ్లు దాటిన టైరు మార్చాల్సిందే. స్టెప్నీ ఎత్తి బిగించే బలం ఒక్కరికి ఉండదు, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టూ 12 వోల్టుల గాలి పంపూ పెట్టుకోండి.

వార్షిక పాస్ సొంత కారు, జీపు, వ్యాన్ తరగతికే. ఆర్‌సీ మినీబస్ కిందికి వస్తే పడదు.

లైసెన్స్ నడుస్తది. ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తో 7,500 కిలోల లోపు బండి నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 55 దాటినంక రెన్యువల్ ఐదేండ్లకే, ఫారం 1ఏ డాక్టర్ సర్టిఫికెట్‌తో. బయలుదేరే ముందే చేయించుకోండి.

సోలార్ పని, మిర్యాలగూడ:

ఇన్సులిన్ మాట మరిచిపోయాం. తెరవని సీసాలు 2–8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. చిన్న ఫ్రిజ్‌లలో చల్లదనం పుట్టే పలక పక్కన మంచు కడుతుంది, మందు దానికి ఆనించకండి. లోపల చిన్న థర్మామీటరు వేసి, ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ మీంచి కాకుండా నేరుగా 12 వోల్టుల లైను, వేరే ఫ్యూజుతో ఇవ్వండి.

నకిరేకల్ నీళ్లు:

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక పని చేయండి సార్. బండి లోపలి నేల కొలతలు తెచ్చుకుని, మీ డాబా మీద ముగ్గు పిండితో అదే సైజులో గీయండి. అందులో మంచం, టాయిలెట్ బదులు స్టూలు, పొయ్యి బదులు పీట పెట్టి, చీకట్లో లేచి టాయిలెట్ దాకా, అక్కడి నుంచి డ్రైవర్ సీటు దాకా నడవండి. గీత తొక్కిన చోటల్లా మీకు అల్మారా మూల తగులుతది. అక్కడ చెక్క తగ్గించి, పట్టుకునే రాడ్డు వేయించమని బిల్డరుకు రాసివ్వండి. తర్వాత మొదటి ట్రిప్పు కొల్లాపూర్ దగ్గరి సోమశిల దాకా పెట్టుకోండి. శ్రీశైలం దారి అయితే మన్ననూర్ అటవీ చెక్‌పోస్టు గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తరు, సాయంత్రమే దాటేలా చూసుకోండి.