చిన్న షంటింగ్ లేఅవుట్‌కు ఒక్క డీజిల్ ఇంజన్: 44 టన్నరా, ఎస్‌డబ్ల్యూ1ఆ?

న్యూజెర్సీ అర

అందరికీ నమస్కారం. ఆరడుగుల చెక్క అర మీద హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, ఇంగ్లనూక్ పద్ధతి మోడల్ రైలు లేఅవుట్ వేస్తున్నాను; వ్యాగన్లను అటూ ఇటూ జరిపి వరుస కూర్చే షంటింగ్ ఆటే ఇందులో పని. బ్రిటన్‌కు చెందిన ఆలన్ రైట్ రూపొందించిన ఈ పద్ధతిలో అయిదు, మూడు, మూడు వ్యాగన్లు పట్టే సైడింగులు, అంటే పక్క లైన్లు, ఉంటాయి. వాటిలోంచి వ్యాగన్లను బయటికి లాగే షంటింగ్ నెక్ అనే లైనులో ఇంజనూ మూడు వ్యాగన్లూ మాత్రమే పడతాయి. ఎనిమిది వ్యాగన్లలో చీటీలు తీసి, వచ్చిన అయిదింటినీ ఆ వరుసలోనే కూర్చాలి. కాలం 1950 దశకం, వ్యాగన్లు 40 అడుగుల బాక్స్‌కార్లు. కొనగలిగింది ఒక్క ఇంజనే. జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) వారి 44 టన్నర్ నమూనా కొనమంటారా, ఈఎండీ (జనరల్ మోటార్స్ ఇంజన్ల విభాగం) వారి ఎస్‌డబ్ల్యూ1 కొనమంటారా?

నడిమి క్యాబు

నిస్సందేహంగా 44 టన్నరే. 90,000 పౌండ్లు, ఆపైన బరువుండే ఇంజన్‌లో డ్రైవర్‌తో పాటు ఫైర్‌మన్ కూడా ఉండాలని 1937లో అమెరికా రైల్వేలకూ కార్మిక సంఘాలకూ ఒప్పందం కుదిరింది. ఆ హద్దుకు లోబడేలా 88,000 పౌండ్లకు కట్టిన బండి ఇది. 1940 నుంచి 1956 వరకు తయారైంది. గోదాముల మధ్య నాలుగు వ్యాగన్లు సర్దడానికే పుట్టిన ఇంజన్‌ను కాదని పెద్ద యార్డు ఇంజన్‌ను అర మీదికి ఎక్కించడం నాకు సబబుగా తోచదు. పైగా నమూనాలో ఎస్‌డబ్ల్యూ1 పొడవు దాదాపు 155 మి.మీ. ఉంటే, ఇది 120 మి.మీ. లోపే ఉంటుంది.

కాజీపేట షంటింగ్ మాస్టర్ (విశ్రాంత)

చరిత్ర విషయంలో మీతో విభేదించను. అయితే ఆరడుగుల అర మీద ఆ నాలుగు సెంటీమీటర్ల ఆదాతో ఒరిగేదేమీ లేదు. షంటింగ్‌లో ఇంజన్ నత్తనడకన వచ్చి, కప్లర్ ‘టిక్’ మని తగిలీ తగలగానే ఆగాలి. నా దగ్గర ఉన్న పాత 44 టన్నర్ నమూనా, పట్టాలు ఒకదాన్నొకటి దాటే ఫ్రాగ్ మీదికి రాగానే నిలిచిపోయేది. ముందు ట్రక్కు (చక్రాల చట్రం) నాలుగు చక్రాల్లో కొన్ని కరెంటు లేని ఫ్రాగ్ మీద ఉండగా, వెనక చక్రాల కింద కాస్త మురికి చేరితే చాలు, వేలితో నెట్టవలసి వచ్చేది. అలా నెట్టిన ప్రతిసారీ, ఏళ్ల తరబడి జెండా పట్టినవాడిగా, నాకు సిగ్గేసేది. ఎస్‌డబ్ల్యూ1 హుడ్ పొడవుగా ఉంటుంది కాబట్టి అందులో డీసీసీ (డిజిటల్ కంట్రోల్) ఆదేశాలు అందుకునే డీకోడర్, స్పీకర్, కరెంటు క్షణకాలం పోయినా బండిని నడిపించే కెపాసిటర్ మూడూ ఇముడుతాయి. 44 టన్నర్ పొట్టి హుడ్లలో ఆ మూడింటినీ సర్దడం గగనం.

నడిమి క్యాబు

అది పాయింట్ల (లైను చీలే చోట్ల) లోపం, మాస్టారూ, ఇంజన్‌ది కాదు. ఫ్రాగ్‌కు స్విచ్ ద్వారా కరెంటు ఇచ్చి, పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే మీ ఫిర్యాదు సగం తీరిపోతుంది. బరువు సంగతి మీరు ఎత్తలేదు కానీ ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి ముందే చెబుతున్నాను: నెక్‌లోకి ఒక్కసారికి లాగేది మూడు వ్యాగన్లే అయినప్పుడు లాగుడు శక్తి ప్రశ్నే రాదు.

కాజీపేట షంటింగ్ మాస్టర్ (విశ్రాంత)

సగం తీరుతుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ బరువు లాగడానికి మాత్రమే కాదండీ, చక్రం పట్టాను గట్టిగా అదుముకుని కరెంటు అందుకోవడానికి కూడా కావాలి. తేలిక బండి కాస్త ఎగుడుదిగుడు అతుకు మీద కూడా పట్టు వదిలేస్తుంది. 1938 నుంచి 1953 వరకు తయారైన ఎస్‌డబ్ల్యూ1 మీ దశకానికీ సరిపోతుంది; 600 హార్స్‌పవర్ బండి కనుక చిన్న పరిశ్రమల సైడింగులో ఎబ్బెట్టుగానూ ఉండదు.

న్యూజెర్సీ అర

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి రెండు పాయింట్ల ఫ్రాగులకూ తీగలు కలిపి, మిత్రుడి 44 టన్నర్‌ను అరువు తెచ్చి నడిపాను. ఫ్రాగుల మీద ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగింది మూడో సైడింగులో, నేను సరిగా ఆనించని అతుకు దగ్గర. ఆ అతుకును టంకం వేసి సరిచేస్తాను కానీ, ఇంట్లో పిల్లలు కూడా నడుపుతారు కాబట్టి కెపాసిటర్ పట్టే ఎస్‌డబ్ల్యూ1 వైపే మొగ్గుతున్నాను. నడిమి క్యాబు గారు కోప్పడకూడదు.