చూడ చూడా? చూడ జూడా? హోమ్‌పేజీ మీద ఏది పెట్టాలి

బరంపురం అప్పడాలు:
అందరికీ నమస్కారం. మా అమ్మ అప్పడాలు, పచ్చళ్ల వ్యాపారం కోసం మొదటిసారి వెబ్‌సైటు కడుతున్నా. కోడ్ రాయడం రాదు గనక వెబ్‌పేజీలు కట్టే డ్రీమ్‌వీవర్ సాఫ్ట్‌వేర్‌లో డిజైన్ వ్యూ తెరిచి ఫొటోలూ టేబుళ్లూ ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోతున్నా, వారం పట్టింది. పైన పెద్దక్షరాల్లో వేమన "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు" పద్యంలో రెండో పాదం పెట్టాలని ఆశ. నేను చదివింది ఒడియా మీడియం, పద్యాలన్నీ నానమ్మ నోట విన్నవే. ఆవిడ "చూడ జూడ రుచుల జాడ వేరు" అనేది, రెండోది జూ అని బాగా గుర్తు. నెట్‌లో ఎక్కువగా "చూడ చూడ" కనబడుతోంది. ఒకచోట మధ్యలో అరసున్న(ఁ)తో దొరికింది, కాపీ చేసి పెడితే నా హెడ్డింగులో డబ్బా పడింది. ఏది సరైనది?

పర్లాకిమిడి మాస్టారు:
నానమ్మగారి పాఠమే సరైనది బాబూ. చూడన్ మీద చూడ వస్తే పరుషం (చ) సరళం (జ) అవ్వాలి, నకారం అరసున్న అవుతుంది, "చూడఁ జూడ". గణాలకి ఏ ఇబ్బందీ లేదు, అరసున్న ముందక్షరాన్ని గురువు చెయ్యదు. చూడకీ జాడకీ రెండో అక్షరం "డ" కలిసింది గనక ప్రాసయతి ఎలాగూ కుదురుతుంది. మొదటి పాదం కూడా పెడితే మాత్రం "కప్పురంబు న్నొక్క" అని పెట్టొద్దు. ఆ ఒత్తు వల్ల "బు" గురువై మూడో గణం చెడిపోతుంది.

గుణుపురం:
మాస్టారూ, గణాలకి ఇబ్బంది లేదంటే "చూడ చూడ"కీ లేదు కదా. ఈ వ్యాకరణ సూత్రం రాసిన చిన్నయసూరి పందొమ్మిదో శతాబ్దం వాడు, ఆయన సూత్రం పట్టుకుని వేమన నోరు దిద్దితే ఎలా? వేమన పద్యాలు జనం నోట్లో తిరిగినవి. బ్రౌన్ దొర తాళపత్రాలు పోగేసి 1829లో అచ్చు వేసేసరికే ఒక్కో పద్యానికి ఎన్నో పాఠాలు. ఇప్పుడు "తినగ తినగ వేము" అనేవాళ్లే ఎక్కువ, "తినగ దినగ" అనేది మీలాంటి పెద్దలే.

పర్లాకిమిడి మాస్టారు:
సూత్రం సూరిగారిదే గానీ ఆ ధ్వని నన్నయలోనే ఉంది. "తినఁగఁ దినఁగ" అని మా నాన్నగారు చదివితే ఆ ద దగ్గర వేపాకు నోట్లో కరిగినట్టుండేది, ఇప్పటికీ చెవిలో ఉంది.

జయపురం అక్క:
మీరు చూ, జూ దగ్గరే ఆగిపోయారు, అసలు "చూడు" అంటే ఏటో ఎవరూ అడగలేదు. రుచి కంటికి కనబడదు కదా! పొయ్యి దగ్గర అమ్మ "ఉప్పు చూడవే" అంటే గిన్నెలోకి తొంగి చూడమనా? నాలిక మీద వేసుకోమని. ఒడియాలో కూడా "చాఖి దేఖ" అంటారు. నా లెక్కన మొదటి పాదంలో పోలిక కంటిది, రెండో పాదంలో చూడటం నాలికది. పచ్చళ్ల సైటుకి ఇంతకంటే మంచి లైను లేదు తమ్ముడూ, పెట్టేయ్.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, అర్థం బాగుంది గానీ చూడఁ జూడ అంటే చూడగా చూడగా, పరిశీలించే కొద్దీ అని. మూడో పాదం పుణ్యపురుషుల గురించి, మనిషిని నాలిక మీద వేసి చూడం కదా.

జయపురం అక్క:
ఉపమానంలో నాలిక, ఉపమేయంలో బుద్ధి. ఒకే మాట రెండుచోట్లా పనిచేసింది, అందుకే ఆయన వేమన.

రాయగడ:
ఆ డబ్బా సంగతి ఎవరూ చెప్పలేదు. అరసున్నకి యూనికోడ్‌లో సొంత చోటుంది, 0సీ01. నువ్వు పెట్టిన ఫాంటులో ఆ గుర్తు లేకపోయి ఉండాలి. ఫాంటు మార్చి చూడు, పేజీ కోడ్ పైన కేర్‌సెట్ (అక్షరాల ఎన్‌కోడింగ్) యూటీఎఫ్-8 ఉందో లేదో కూడా చూసుకో. ఇంకోటి, నీ కంప్యూటర్లో ఫాంటు ఉంది గనక డిజైన్ వ్యూలో బాగానే కనిపిస్తుంది, కొనేవాళ్ల ఫోన్లో అది లేకపోతే వేరే ఫాంటు వస్తుంది, అందుకని వెబ్ ఫాంటు లింకు పెట్టాలి. ఫొటోలకి సీ డ్రైవ్ దారి పడిందేమో, కోడ్ కూడా పక్కనే కనిపించే స్ప్లిట్ వ్యూలో చూడు, నీ ఇంట్లో కనిపించి బయట ఎవరికీ కనిపించవు. నేను మొదటి సైటులో చేసిన తప్పు అదే. గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు అనే తెలుగు ఫాంటు కూడా ఉంది, ఉచితం.

పర్లాకిమిడి మాస్టారు:
గిడుగు రామమూర్తిగారి పేరుతో అక్షరాలున్నాయా! ఆయన పాఠాలు చెప్పింది మా ఊళ్లో. ఇక్కడుండగానే సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు, మా తాతగారు ఆ సంగతి చెబుతూ కళ్లు తుడుచుకునేవారు.

గుణుపురం:
మరి వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషి అక్షరాల్లో అరసున్న పెట్టిస్తారా మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు:
ఆయన వద్దన్నది ఇప్పటి వచనం మీద పాత కట్టుబాట్లు రుద్దడం. పాత పద్యాన్ని పాతగా చదవొద్దని కాదు. ఆయనంత లోతుగా పాత గ్రంథాలు చదివినవాళ్లు ఎంతమంది!

జయపురం అక్క:
అరసున్న చచ్చిపోయిందంటారు గానీ పక్కింట్లో బతికే ఉంది. ఒడియావాళ్లు "హఁ" అన్నప్పుడల్లా ఆ ముక్కు పలుకు వినబడుతుంది, చంద్రబిందువు రాస్తారు కూడా. మన పిల్లలకి దాన్ని అలగే చెప్పొచ్చు.

బరంపురం అప్పడాలు:
అందరికీ చాలా థాంక్స్. గిడుగు కాదు గానీ ఇంకో ఫాంటు మార్చాక డబ్బా పోయింది, ఫొటోల్లో నాలుగింటికి సీ డ్రైవే ఉంది, సరిచేశాను. మొదటి పాదం కూడా పెట్టా, ఫోన్లో "కప్పురంబు"లో ప్పు కింద ఒత్తు తెగిపోయింది, లైన్ హైట్ పెంచితే వచ్చింది. ప్రస్తుతానికి అరసున్న లేకుండా "చూడ జూడ" అని ఉంచాను. అమ్మకి చూపిస్తే గట్టిగా పద్యం మొత్తం చదివింది, మూడో పాదం కూడా పెట్టమంటోంది. ఆవిడ "పుణ్యపురుషులు వేరయా" అంది, నానమ్మ "వేరురా" అనేదని నాకు గుర్తు. మాస్టారూ, గణాలు రెంటికీ సరిపోతాయా?

పర్లాకిమిడి మాస్టారు:
సరిపోతాయి, రెండూ రగణమే (గురువు, లఘువు, గురువు). కానీ "రా" అన్నాక కింద "వినుర" ఉంది చూడు, అక్కడ ఒక విషయం ఉంది, రాత్రికి రాస్తాను.