వాట్సాప్ వేలంలో 1939 రూపాయి: తూకం సరిపోతే నమ్మొచ్చా?

ఖిలా_తోరణం:
అందరికీ నమస్తే. నేనున్న ఒక వాట్సాప్ గ్రూపులో పాత నాణేల వేలం నడుస్తుంది. ఈసారి ఆరవ జార్జ్ బొమ్మ ఉన్న 1939 వెండి రూపాయి పెట్టారు. 5 వేలతో మొదలై 38 వేల దాకా పోయింది. నేను 37 వేల దగ్గర ఆగిపోయాను. మర్నాడు అమ్మే ఆయన విడిగా మెసేజ్ పెట్టాడు: పాడుకున్నాయన వద్దన్నాడట, నా రేటుకే నాకు ఇస్తాడట. త్రాసు మీద పెట్టిన ఫొటో పంపాడు, 11.65 గ్రాములు చూపిస్తోంది. డబ్బు ముందే యూపీఐలో వేయాలి, వాపసు లేదు. రేపు సాయంత్రంలోగా చెప్పాలి. చాలా టెన్షన్‌గా ఉంది. తీసుకోమంటారా?

తులం_హనుమకొండ:
తమ్మీ, తూకం సరిగ్గానే ఉంది. కల్దార్ రూపాయి (బ్రిటిష్ వాళ్ల వెండి రూపాయి) అంటేనే ఒక తులం. 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అందులో 91.7 శాతం వెండి. నకిలీవాళ్లు రాగి, నికెల్, తగరం కలిపి పోత పోస్తారు. అవన్నీ వెండికన్నా తేలిక. అదే సైజులో పోస్తే బరువు తగ్గుతుంది, బరువు సరిచేస్తే మందం పెరుగుతుంది. తూకం, వెడల్పు, మందం మూడూ సరిపోతే, అయస్కాంతానికి అంటుకోకపోతే భయం లేదు. మూడు తరాలుగా మాది వెండి పనే.

కాజీపేట_జంక్షన్:
1939 రూపాయి 5 వేలతో మొదలైందంటేనే అనుమానించాలి అన్నా.

కోటిలింగాల_ఒడ్డు:
తులం అన్నా, మీ పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ నాణెం విషయంలో తూకం ఎందుకూ పనికిరాదు. 1939 రూపాయి చాలా అరుదు. 1938 రూపాయి మాత్రం కాస్త వెతికితే దొరుకుతుంది. రెండింటి బరువు ఒకటే, వెండి ఒకటే, అంచు మీద గీతలూ ఒకటే. 1940 నుంచి వెండి 50 శాతానికి పడిపోయింది, అంచు కూడా మారింది కాబట్టి నకిలీకి వాటిని వాడరు. అసలైన 1938 రూపాయి తీసుకుని చివరి 8ని చెక్కి 9 చేస్తారు. మీ త్రాసు దాన్ని ఎట్లా పట్టుకుంటది? అది నిజంగానే వెండి, నిజంగానే తులం.

పట్టుకోవాల్సింది ఆ 9 దగ్గర. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో చూస్తే అంకె చుట్టూ నాణెం ఉపరితలం గీరినట్టు ఉంటుంది, మెరుపు తేడాగా ఉంటుంది. లేకపోతే ఆ అంకె పక్కనున్న 3 కన్నా పల్చగానో వంకరగానో ఉంటుంది. వెలుతురు పక్క నుంచి పడేలా తీసిన వీడియో అడుగు తమ్మీ. అసలుదైతే పంపడానికి ఏ ఇబ్బందీ ఉండదు.

తులం_హనుమకొండ:
అంకె చెక్కినా నా కన్ను పట్టుకుంటది. తూకం ఒక్కటే చాలని నేను అనలేదు, తూకం మొదటి మెట్టు అన్నాను. తూకమే తప్పిన వెండి రూపాయిని మాత్రం చూడాల్సిన పనే లేదు.

కోటిలింగాల_ఒడ్డు:
ఉంది అన్నా. నిజాం చార్మినార్ రూపాయి 11.18 గ్రాములే, వెండి 81.8 శాతమే. మీ తులం లెక్కన హాలీ సిక్కాలన్నీ, అంటే నిజాం నాణేలన్నీ నకిలీవేనా?

తులం_హనుమకొండ:
నేను కల్దార్ గురించి చెప్తుంటే నువ్వు హాలీ తెచ్చి మధ్యలో పెడుతున్నావు. ఏడు హాలీలకు ఆరు కల్దార్‌లు అని మా తాత చెప్పేవాడు. నాకు తెలియదా?

సింగరేణి_షిఫ్ట్:
మా కాలనీలో ఒకాయన వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల బిళ్లకు 10 లక్షలిస్తామంటే నమ్మి, ముందు రిజిస్ట్రేషన్ అని, తర్వాత జీఎస్టీ అని కట్టుకుంటూ పోయాడు. పాత నాణేల కొనుగోలు, అమ్మకాలతో తమకు సంబంధం లేదని, ఎవరి దగ్గరా కమిషన్ తీసుకోబోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. దయచేసి ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కోర్టు_చౌరస్తా:
మీరంతా నాణెం చూస్తున్నారు, వేలం జరిగిన తీరు ఎవరూ చూడట్లేదు. గెలిచినవాడు తప్పుకోవడం, వెంటనే రెండోవాడికి మెసేజ్ రావడం, రేపటిదాకానే గడువు. ఆ పాడుకున్నాయన అమ్మేవాడి మనిషే అయ్యుండొచ్చు. తన తరఫున కూడా పాట ఉంటుందని ముందుగా చెప్పకుండా అమ్మేవాడు తనే పాడినా, మనిషిని పెట్టి పాడించినా చెల్లదని సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 64వ సెక్షన్‌లో ఉంది. అట్లాంటి అమ్మకాన్ని కొన్నవాడు మోసంగా పరిగణించొచ్చు. ఆ గ్రూపులో పాత వేలాలు వెనక్కి వెళ్లి చూడు. అదే నంబర్ ప్రతిసారీ రేటు పెంచి ఏదీ తీసుకోకుండా పోతోందా?

ఖిలా_తోరణం:
చూశాను సార్. ఆ నంబర్ నాలుగు వేలాల్లో ఉంది. ఒక్క నాణెం కూడా అందినట్టు ఫొటో పెట్టలేదు.

కోటిలింగాల_ఒడ్డు:
అదీ సంగతి. మన ఈ నాణేల వేదికలో కూడా "ఉన్నది ఉన్నట్టుగా, వాపసు లేదు" అనే షరతుతో వేలాలు నడుస్తున్నాయి. ఆ షరతు తీసేయమని ఎన్నిసార్లు అడిగినా అడ్డుపడేది తులం అన్నే. చార్మినార్ రూపాయి అని నేను ఆన్‌లైన్‌లో కొన్నది పోత బిళ్ల. చార్మినార్ కమాను లోపల ఉండాల్సిన ఐన్ అనే ఉర్దూ అక్షరం ముద్దలా ఉంది, ఒంటి నిండా సూది గుచ్చినట్టు బెజ్జాలు. అమ్మినవాడు వాపసు లేదన్నాడు, నంబర్ బ్లాక్ చేశాడు. మీరు ఎవరి పక్షమో ఇప్పుడైనా చెప్పండి.

తులం_హనుమకొండ:
మాటలు సరిగ్గా మాట్లాడు. నన్ను దొంగలతో కలుపుతున్నావా? నేను అమ్మిన విక్టోరియా రూపాయి అసలుది. కొన్నాయన పదిహేను రోజుల తర్వాత "నకిలీ" అంటూ వాపసు పంపాడు. కవర్ విప్పితే లోపల ఉన్నది నా నాణెమే కాదు. రాణి చెంప మీద నాకు తెలిసిన సన్నని గీత లేదు. డబ్బు ఇచ్చేశాను, నాణెం పోయింది. వాపసు అని నియమం పెడితే రేపు ప్రతివాడూ మార్చి పంపుతాడు. అమ్మేవాడికి పరువు లేదా?

కాజీపేట_జంక్షన్:
ఈ మాట ముందే చెప్పుంటే ఇంత లొల్లి అయ్యేది కాదు కదా కాకా.

కోటిలింగాల_ఒడ్డు:
ఈ సంగతి నాకు తెలియదు అన్నా. మీకు జరిగింది అన్యాయమే. కానీ ఒకడు మార్చి పంపాడని కొనేవాళ్లందరి తలుపూ మూసేస్తారా? మీరే చెప్పారు, చెంప మీద గీత అని. చేతులు మారిన ప్రతి పాత నాణేనికీ అట్లాంటి గుర్తులుంటాయి. పంపేముందు రెండు వైపులా, అంచు చుట్టూ దగ్గరి నుంచి వీడియో తీసి వేదికలో పెట్టండి. కొన్నాయన కవర్ విప్పుతూ తీసిన వీడియో పెట్టాలి. గీతలు కలిస్తేనే వాపసు. మార్చినవాడు అక్కడే దొరికిపోతాడు.

తులం_హనుమకొండ:
వీడియో సరే. నకిలీ అని తేల్చేది ఎవరు? నువ్వా?

కోటిలింగాల_ఒడ్డు:
నేను కాదు. నాణెం పరీక్షించి, నంబర్ వేసిన డబ్బాలో సీలు చేసి ఇచ్చే గ్రేడింగ్ సంస్థకు పంపిద్దాం. ఓడినవాళ్లు ఆ ఖర్చు పెట్టుకోవాలి.

తులం_హనుమకొండ:
ఆ సంస్థల డబ్బాలకు కూడా నకిలీలు వస్తున్నాయి.

కోర్టు_చౌరస్తా:
డబ్బా మీది నంబర్‌ను సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, ఫొటో ఉంటే దానితో పోల్చాలి. నంబర్ నిజమే అయినా లోపలి నాణెం వేరే ఉండొచ్చు. మనమే పంపిస్తే ఆ అనుమానం ఉండదు.

తులం_హనుమకొండ:
500 రూపాయల బిళ్లకు అంత ఖర్చు ఎవరు పెడతారు? 10 వేలు దాటిన వాటికైతే ఒప్పుకుంటా. అంతకు తక్కువ వాటికి నా మాట అదే, చూసుకుని కొనాలి.

కోటిలింగాల_ఒడ్డు:
ఎక్కువమంది మోసపోయేది ఆ 500, 1000 రూపాయల వాటిలోనే అన్నా. నేను ఒప్పుకోను.

ఖిలా_తోరణం:
9 అంకె దగ్గరి వీడియో అడిగాను. ముందు "నమ్మకం లేకపోతే వదిలేయ్" అన్నాడు. అంచు ఫొటో కూడా అడిగేసరికి గ్రూపు నుంచి తీసేశాడు. డబ్బు వేయలేదు. ఆ నంబర్, వేలం స్క్రీన్‌షాట్లు అడ్మిన్‌కు పంపిస్తున్నాను. ఆ గ్రూపులో మనవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ రూపాయి ఇప్పుడు మూడోవాడికి ఇస్తానంటున్నాడేమో.