బురుజు పక్కన పార్కింగ్ భవనం వస్తుందా, ముందు సెల్లార్లు తెరుచుకుంటాయా?

ప్రశ్న – బురుజు వెనుక వీధి నివాసి

సభ్యులందరికీ నమస్కారం. కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో మా ఇల్లు ఉంది. మా తాతగారు కట్టించిన మట్టి మిద్దె అది. వసారాలో బేతంచెర్ల బండలు, వీధి వైపు రెండు అరుగులు, లోపల టేకు దూలాలు, వాటి మీద దంతెలు, పైన చవుడు మట్టి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు నీళ్లు నిలిచిన గీత ఎన్నిసార్లు సున్నం కొట్టినా మధ్యగది గోడ మీద మళ్లీ తేలుతూనే ఉంటుంది.

మా వీధి వెడల్పును మొన్న టేపు పెట్టి కొలిచాను. గుమ్మం ఎదుట పదకొండు అడుగులు ఉంది. సాయంత్రం ఆరు దాటాక బజారుకు వచ్చేవారి మోటారు సైకిళ్లు రెండు వైపులా నిలిస్తే మనిషి పక్కకు తిరిగి నడవాలి. పోయిన చలికాలంలో ఒక సాయంత్రం మా అమ్మకు ఆయాసం ఎక్కువై 108కు ఫోన్ చేస్తే, వీధి మొదట్లో ఎవరో అడ్డంగా నిలిపి వెళ్లిన కారు దాటి అంబులెన్సు లోపలికి రాలేకపోయింది. మా అబ్బాయి, ఎదురింటివారి అల్లుడు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, బండ్ల అద్దాలకు ఆమె మోచేతులు తగలకుండా ఒక చేయి అడ్డం పెట్టుకుంటూ రోడ్డు దాకా మోశారు. అమ్మ ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ రోజు తలుచుకుంటే నాకు మాత్రం నిద్ర పట్టదు.

కార్పొరేషన్ బురుజు దగ్గరే అంతస్తుల పార్కింగ్ భవనం కడితే సమస్య తీరుతుందని మా బజారు వర్తకులు కొందరు అంటున్నారు, దానికోసం అర్జీ మీద నా సంతకం కూడా అడుగుతున్నారు. అయితే వానకు కారుతున్న మా మిద్దెకు మరమ్మతు చేయించుకుంటానని అడిగినప్పుడు, బురుజుకు వంద మీటర్ల లోపల ఏ పనీ చేయకూడదని నాకు నోటిమాటగా చెప్పి పంపించారు. నా మిద్దెకే అనుమతి లేని చోట కార్పొరేషన్‌కు మాత్రం ఎలా ఉంటుంది? ఒకవేళ ఉన్నా, దానికి డబ్బు ఎవరు, ఏ పద్దు కింద కేటాయించాలి? తెలిసినవారు చెబితే, సంతకం పెట్టాలా వద్దా అన్నది తేల్చుకుంటాను.

సమాధానం – విశ్రాంత టౌన్ ప్లానింగ్ ఉద్యోగి

అయ్యా, ముందుగా మీ మిద్దె విషయం చెబుతాను, ఎందుకంటే మీకు చెప్పినదానిలో సగమే నిజం.

బురుజు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించినప్పుడు, రక్షిత ప్రాంతపు హద్దు నుంచి వంద మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతంగా, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతంగా నిర్ణయించారు. కొలత బురుజు గోడ నుంచి మొదలు కాదు, నోటిఫై చేసిన హద్దు నుంచి మొదలవుతుంది కాబట్టి, మీ ఇల్లు ఎందులో పడుతుందో సర్వే చేయించి కాగితం మీద తెలుసుకోవాలి తప్ప కంటి అంచనాతో ఎవరూ చెప్పకూడదు. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణానికి వీలు లేదన్నది నిజమే. కానీ 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోదలచినవారు అనుమతి కోరవచ్చని అదే చట్టంలోని 20సి సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మీ తాతగారి పేరున ఉన్న పాత ఇంటి పన్ను రసీదులు, దస్తావేజు, కుళాయి పన్ను కాగితాలు వెతికి పెట్టుకోండి. ఇల్లు ఆ తేదీకి ముందే ఉందని చూపడానికి అవి పనికివస్తాయి. మరమ్మతు పేరున పై అంతస్తు మాత్రం లేపకండి. అలా చేసినవారి వల్లే నిజంగా కారుతున్న మిద్దెల వారికి కూడా అనుమతి కష్టమవుతోంది.

ఇక పార్కింగ్ భవనం. 2010 సవరణ తరువాత ప్రజోపయోగ పనుల పేరుతో సైతం నిషిద్ధ ప్రాంతంలో నిర్మాణానికి అనుమతి ఇవ్వడానికి వీలు లేదు. మురుగు కాలువలు శుభ్రం చేయడం, నీటి గొట్టాలు, కరెంటు లైన్ల వంటి పనులను మాత్రం చట్టం నిర్మాణంగా లెక్కించదు. కాబట్టి కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించినా వంద మీటర్ల లోపల అంతస్తుల భవనం లేవదు. అటువంటి తీర్మానం కోసం సంతకాలు సేకరిస్తే ఏళ్లు గడిచిపోతాయే గాని మీ వీధిలో ఒక్క బండి కూడా తగ్గదు.

అయితే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. పార్కింగ్ స్థలం ఈ ఊళ్లో లేదనడం సరికాదు, ప్లానుల మీద అది చాలానే ఉంది. నేను ఉద్యోగంలో ఉండగా వాణిజ్య భవనాల ప్లానులు చూసేవాణ్ని. సెల్లారు గీత మీద ‘పార్కింగ్’ అని రాసి, బండ్ల కోసం గళ్లు గీసి, ర్యాంపు వాలు కూడా చూపించి అనుమతి తీసుకునేవారు. రెండేళ్ల తరువాత అదే భవనం ముందుకు వెళ్తే, ర్యాంపు మీద గచ్చు పోసి మెట్లు కట్టి ఉండేవి. కింద షట్టర్లు, షట్టర్ల వెనుక సరుకు అట్టపెట్టెలు, వాటి మధ్య ఒక ట్యూబులైటు. కొన్నవారి బండ్లు, అమ్మేవారి బండ్లు, సరుకు దింపే ఆటోలు అన్నీ రోడ్డు మీదే. రోడ్డు మీద పట్టనివి మీ వీధిలోకి వస్తున్నాయి.

దీనికి కొత్త చట్టమేమీ అక్కరలేదు. 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం పెద్ద కట్టడాలు నిర్మిత వైశాల్యంలో 10 శాతాన్ని అనుమతి సమయంలోనే కార్పొరేషన్‌కు తనఖా పెట్టాలి, ప్లాను ప్రకారం కట్టినట్లు తేలి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనాన్ని వాడుకోవడానికి ఇచ్చే పత్రం) వచ్చాకే దాన్ని విడిపించుకోవాలి. పాత భవనాల విషయంలో మంజూరైన ప్లానుకూ వాడకానికీ పొంతన లేకపోతే నోటీసు ఇచ్చి, వివరణ విని, సెల్లారును తిరిగి తెరిపించే అధికారం కమిషనరుకు ఉంది. అనధికార నిర్మాణం మీద పన్నుతో పాటు జరిమానా కడుతున్నాం కదా అని కొందరు వాదిస్తారు. జరిమానా కట్టినంత మాత్రాన అది సక్రమం కాదు.

సమాధానం – వస్త్ర వ్యాపారి

పెద్దాయన చెప్పిన చట్టం సరైనదే కావచ్చు గాని, మా వైపు కూడా వినాలి. మా దుకాణం మా నాన్నగారి కాలం నాటిది. దానికి సెల్లారు లేదు, ముందు సెట్‌బ్యాక్ (రోడ్డుకూ గోడకూ మధ్య వదిలే ఖాళీ చోటు) లేదు, వెనుక గోడ పక్కవారిదే. పాతబస్తీలో దుకాణాలు చాలా వరకు ఇలాంటివే. పండుగ రోజుల్లో కోడుమూరు నుంచి, గూడూరు నుంచి కుటుంబంతో వచ్చి పెళ్లి బట్టలు తీసుకునేవారు బండి పెట్టుకోవడానికి చోటు లేక కొత్త షోరూములకు వెళ్లిపోతున్నారు. కార్పొరేషన్ వారు జరిమానా వేయడానికి మొదట మా దగ్గరికే వస్తారు, సెల్లారు మింగిన పెద్ద భవనాల వైపు చూడరు. అందుకే కొత్త భవనం అడుగుతున్నాము. తోపుడు బండ్లను తీసివేసినా కొంత చోటు వస్తుంది.

సమాధానం – జగన్నాథగట్టు టిడ్కో ఇంటి నుంచి

అన్నా, తోపుడు బండ్ల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నా భర్త బురుజు దగ్గర పండ్ల బండి పెడతాడు. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం సర్వే చేసి, గుర్తింపు కార్డులు ఇచ్చి, పట్టణ విక్రయ కమిటీతో చర్చించకుండా మమ్మల్ని తొలగించకూడదు. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది మాలాంటివారే ఉండాలి. మా బండి నాలుగు అడుగుల వెడల్పు ఉంటుంది, రాత్రికి ఇంటికి పోతుంది. సెల్లారులో ఏళ్ల తరబడి ఉన్న గోదాము ఎక్కడికీ పోదు.

ఇంకొక మాట చెప్పాలి. మేము ఇంతకుముందు హంద్రీ ఒడ్డున అద్దెకు ఉండేవాళ్లం. ఏటా వానాకాలంలో భయపడుతూ బతికాము కాబట్టి, ఊరి బయట జగన్నాథగట్టు మీద ప్రభుత్వ టిడ్కో గృహ పథకం కింద సొంత ఇల్లు వచ్చినందుకు మాకు నిజంగా సంతోషమే. అది 300 చదరపు అడుగుల ఇల్లు. కానీ పని, సరుకు, ఆస్పత్రి అన్నీ ఊళ్లోనే ఉన్నాయి. బస్సు వేళకు దొరకదు. అందుకని మా బ్లాకులో దాదాపు ప్రతి ఇంటివారూ అప్పు చేసైనా ఒక స్కూటీ కొన్నారు, నేనూ కొన్నాను. ఆ స్కూటీని రోజూ తెచ్చి పెట్టేది మీలాంటి వారి వీధిలోనే. ఇళ్లు ఎక్కడ కట్టాలో నిర్ణయించినప్పుడు బస్సుల సంగతి కూడా అప్పుడే నిర్ణయించి ఉంటే, మీ గుమ్మం ముందు కనీసం నా బండి ఉండేది కాదు. అమ్మగారి విషయం చదివి బాధ కలిగింది.

సమాధానం – విశ్రాంత ఆడిట్ ఉద్యోగి

గట్టు మీద నుంచి రాసిన అమ్మాయి చెప్పిన సంగతికి ఒక లెక్క జత చేస్తాను. ఒక కారు నిలపడానికి సాధారణంగా లెక్కించే చోటు రెండున్నర మీటర్లకు ఐదు మీటర్లు, అంటే సుమారు 135 చదరపు అడుగులు. ర్యాంపులు, మలుపులు కలుపుకుంటే రెట్టింపు దాకా పోతుంది. ఆ అమ్మాయి కుటుంబం మొత్తం బతికే ఇంటికి, అంతస్తుల భవనంలో ఒక కారుకు పట్టే చోటుకు పెద్ద తేడా ఉండదన్నమాట. ఆ ఖర్చు ప్రజాధనంతో పెట్టే ముందు, ప్రైవేటు భవనాలు దాచుకున్న చోటును బయటికి తీయమని అడగడం న్యాయం.

డబ్బు విషయానికి వస్తే, కార్పొరేషన్ బడ్జెట్ అంచనాలను కమిషనరు తయారు చేస్తారు, స్థాయీ సంఘం పరిశీలిస్తుంది, కౌన్సిల్ ఆమోదిస్తుంది. ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి పన్ను, మున్సిపల్ దుకాణాల అద్దెలు, భవన అనుమతుల రుసుములు ప్రధానమైన సొంత ఆదాయం. అందులో అధిక భాగం పారిశుద్ధ్య కార్మికుల వేతనాలకు, నీటి సరఫరాకు, కరెంటు బిల్లులకు పోతుంది. గ్రాంట్ల వైపు చూస్తే, 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు కేటాయించిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలని కట్టడి పెట్టింది. పన్ను పెంచుదామంటే, 2021–22 నుంచి అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ (స్థలానికీ కట్టడానికీ కలిపి లెక్కగట్టే విలువ) మీద పన్ను వేస్తున్నారు గాని, ఒక ఏడాదిలో పెరుగుదల 15 శాతం మించకూడదన్న పరిమితి ఉంది. కాబట్టి పార్కింగ్ భవనం కట్టాలంటే అప్పు తేవాలి, లేదా పైన దుకాణాలు కట్టుకోనిచ్చి ప్రైవేటు వారికి అప్పగించాలి. రెండో దారిలో వెళ్తే ఆ దుకాణాలకు వచ్చేవారి బండ్లు మళ్లీ మీ వీధికే వస్తాయి.

సెల్లార్లలో ఆదాయం కూడా ఉంది. నివాస భవనాల మీద పన్ను మూలధన విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, నివాసేతర భవనాల మీద 0.20 నుంచి 2 శాతం మధ్య ఉంటుంది. పార్కింగ్ అని చూపించి దుకాణంగా వాడుతున్న చోటు రికార్డులో ఏ తరగతి కింద ఉందో సరిచూస్తే, తనిఖీ ఖర్చుకు సరిపడే సొమ్ము అక్కడే దొరుకుతుంది. మన కర్నూలుకు 2010 తరువాత 2021 వరకు ఎన్నికైన కౌన్సిలే లేదు, ప్రత్యేక అధికారుల పాలనే నడిచింది. అడిగే అలవాటు ప్రజలకూ, జవాబు చెప్పే అలవాటు కార్యాలయానికీ ఆ పదేళ్లలో తప్పింది. కాబట్టి కార్పొరేటరును కలిసి సెల్లార్లు తెరిపించే అంశాన్ని ముందుగానే అజెండాలో చేర్పించండి. ఆఖరి నిమిషంలో టేబుల్ అజెండాగా వచ్చేవాటి మీద చర్చ జరగదు. కౌన్సిల్ లేని కాలమైతే అర్జీ నేరుగా ప్రత్యేక అధికారికే ఇవ్వాలి.

సమాధానం – విశ్రాంత టౌన్ ప్లానింగ్ ఉద్యోగి

వస్త్ర వ్యాపారిగారి బాధలో న్యాయం ఉంది. సెల్లారు లేని పాత దుకాణాలను దీనిలోకి లాగకూడదని అర్జీలోనే రాయండి. బజారుకు నడిచి చేరగలిగిన దూరంలో ఉన్న భవనాల మంజూరు ప్లానుల నకళ్లను సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒకేసారి ఊరంతా అడిగితే జాప్యమవుతుంది, పది భవనాలు చాలు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం, ఈరోజు పొద్దున బజారు చుట్టూ తిరిగాను. ర్యాంపు ఉన్నట్లు ఆనవాళ్లు కనిపిస్తూ కిందికి బండి దిగడానికి వీలు లేని భవనాలు నా లెక్కకు పద్నాలుగు తేలాయి. ఒకచోట ‘పార్కింగ్’ అన్న పాత బోర్డు ఇంకా గోడకే ఉంది, దాని కింద చీపుళ్లు, బకెట్లు వరుసగా వేలాడదీసి అమ్ముతున్నారు. పార్కింగ్ భవనం అర్జీ మీద సంతకం పెట్టలేనని మా వర్తక మిత్రులకు చెప్పాను. వస్త్ర వ్యాపారిగారు ఒప్పుకుంటే సెల్లార్ల అర్జీ మీద మొదటి సంతకం ఆయనదే పెట్టిద్దామని నా కోరిక.

అటక మీది ట్రంకు పెట్టెలో తాతగారి పేరున 1978 నాటి ఇంటి పన్ను రసీదు దొరికింది. వరద నీటికి అంచు చివికింది గాని నంబరు, సంతకం చదవడానికి వస్తున్నాయి. మరమ్మతు దరఖాస్తు దానితోనే పెడతాను. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో సెల్లార్ల అర్జీ ఇవ్వడానికి పది గంటలకు కార్పొరేషన్ కార్యాలయం గేటు దగ్గర ఉంటాను. గట్టు మీది చెల్లెలు రాగలిగితే బస్సుల సంగతి కూడా అదే అర్జీలో రెండో పేరాగా రాస్తాను.